పోర్ట్రెయిట్‌కి 50 నా 85 నా అనుకునే ముందు టేపు పెట్టి గది కొలవండి

మీరు అడిగింది ఇది కదా: 1.5 క్రాప్ సెన్సార్ బాడీ (సెన్సార్ ఫుల్ ఫ్రేమ్ కన్నా 1.5 రెట్లు చిన్నదైన కెమెరా) ఉంది, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది, ఇంట్లోవాళ్ళవీ ఫ్రెండ్స్‌వీ మంచి పోర్ట్రెయిట్లు తీయాలని ఉంది, 50 ఎఫ్ 1.8 కొనాలా 85 ఎఫ్ 1.8 కొనాలా లేక ఇంకొన్నాళ్ళు ఆగి ఒకేసారి 70-200 ఎఫ్ 2.8 కి వెళ్ళిపోవాలా, ఎవర్ని అడిగినా 85 అంటున్నారు అని. యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) సంగతి కూడా అడిగారు, అది చివర్లో చెప్తా. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: 50, 85 అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో, అది పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టేది తగ్గుతుంది; ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది.

ముందే చెప్పేస్తున్నా, మీకు 50 చాలు. కానీ ఎందుకో తెలీకుండా కొంటే ఆర్నెల్లకి మళ్ళీ ఇదే ప్రశ్న పట్టుకుని వస్తారు, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి, పెద్దదే అవుతుంది.

85 అనేవాళ్ళు తప్పేం చెప్పట్లేదు, కాకపోతే వాళ్ళు ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేము అంత సెన్సార్) లెక్కలో మాట్లాడుతున్నారు. నేనూ అలాగే విని క్రాప్ బాడీ మీద 85 కొన్నా. కొన్న వారంలోనే తెలిసినవాళ్ళింటికి ఫ్యామిలీ ఫొటోలు తీయడానికి వెళ్ళా, హాల్లో వాళ్ళని నిలబెట్టి వెనక్కి జరుగుతూ జరుగుతూ వీపు గోడకి ఆనింది, అయినా నలుగురిలో ఇద్దరే పడుతున్నారు ఫ్రేములో, వాళ్ళు కూడా ఛాతీ దాకా. చివరికి బాల్కనీలోకి పోయి తలుపు తీయించి అక్కణ్ణుంచి లోపలికి తీసా. లోపల వాళ్ళ పెద్దాయన "అతను ఎందుకు బయటికెళ్ళాడు, కోపం వచ్చిందా" అని అడగడం నాకు వినపడింది. ఆ రోజు నుంచి ఎవరు లెన్స్ గురించి అడిగినా నేను ముందు అడిగేది, మీరు ఎంత దూరంలో నిలబడగలరు అని.

అసలు మొహం ఎలా కనపడుతుందో డిసైడ్ చేసేది దూరమే, లెన్స్ మీద రాసున్న నంబర్ కాదు. ఇది చాలామంది ఒప్పుకోరు, "85 మొహాన్ని కంప్రెస్ చేస్తుంది, వైడ్ లెన్స్ ముక్కు సాగదీస్తుంది" అంటారు. చిన్న లెక్క చూడండి. ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోన్ పట్టుకుని అడుగున్నర దూరం నుంచి మొహం తీస్తే ముక్కు 45 సెంటీమీటర్ల దూరంలో ఉంది, చెవి 57 లో ఉంది, అంటే చెవితో పోలిస్తే ముక్కు ఉండాల్సిన దానికన్నా దాదాపు 27 శాతం పెద్దగా పడుతుంది, అందుకే సెల్ఫీల్లో అందరి ముక్కులూ ముందుకొచ్చేసి చెవులు వెనక దాక్కుంటాయి. అదే 5 అడుగుల నుంచి తీస్తే ఆ తేడా 8 శాతానికి పడిపోతుంది, 8 అడుగులకి 5 శాతం, 15 అడుగులకి మూడు శాతం కూడా ఉండదు. మనం ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు మనిషి ఎలా కనపడతాడో అలా రావాలంటే 5 నుంచి 8 అడుగులు బావుంటుంది. ఇంకా బాగా దూరం పోతే మొహం చదునుగా, చెంపలు వెడల్పుగా అనిపిస్తాయి, సన్నటి మొహాలకి అది బానే ఉంటుంది, గుండ్రటి మొహాలకి అంత బాగోదు.

నమ్మకం కుదరకపోతే మీ కిట్ లెన్స్‌తోనే చూసుకోవచ్చు. ఎవర్నైనా కుర్చీలో కూర్చోబెట్టి, మీరు కదలకుండా ఒకే చోట నిలబడి 18 లో ఒకటి 55 లో ఒకటి తీయండి. తర్వాత కంప్యూటర్లో 18 ఫొటోని 55 ఫొటో అంత అయ్యేదాకా కట్ చేయండి. క్వాలిటీ పోతుంది కానీ మొహం ఆకారం అచ్చం అదే వస్తుంది, ముక్కు ఒక్క పిసరు కూడా పెరగదు. మరి వైడ్ లెన్స్‌కి చెడ్డపేరు ఎందుకొచ్చిందీ అంటే, 18 పెట్టుకుని మొహం ఫ్రేము నిండా రావాలని మనమే దగ్గరికి దూరిపోతాం కాబట్టి. తప్పు మన కాళ్ళది, నింద లెన్స్‌కి.

క్రాప్ మీద 85 పెడితే 127 అయిపోతుంది అనేది కూడా ఇక్కడే తేలిపోతుంది. లెన్స్ ఏమీ అవ్వదు, అది 85 గానే ఉంటుంది, సెన్సార్ చిన్నది కాబట్టి అంచులు కట్ అయిపోయి ఇరుగ్గా కనపడుతుంది, దాంతో అదే ఫ్రేము కోసం మీరు ఇంకా వెనక్కి నడవాలి. అంతే విషయం. ఫుల్ ఫ్రేమ్‌లో 85 చేసే పని 1.5 క్రాప్‌లో 56 చేస్తుంది, అందుకే ఫ్యూజీఫిల్మ్ వాళ్ళు 56 ఎఫ్ 1.2 చేశారు, సిగ్మా వాళ్ళు 56 ఎఫ్ 1.4 చేశారు, ఇంకా చిన్న సెన్సార్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్‌ కెమెరాల్లో అదే పనికి ఒలింపస్ 45 ఎఫ్ 1.8 ఉంది. మీకు 50 అంటే ఫుల్ ఫ్రేమ్ 75 లాగా, ఆ కుటుంబంలోదే.

ఇప్పుడు టేపు తీయండి. కెమెరా నిలువుగా పట్టుకున్నారు అనుకుని మీ బాడీకి లెక్క చెప్తా. తలా భుజాలూ వచ్చే ఫ్రేముకి 50 తో నాలుగున్నర అడుగులు కావాలి, 85 తో ఏడున్నర అడుగులు. నడుం దాకా అయితే 50 తో 7, 85 తో 12. కాళ్ళ దాకా మొత్తం మనిషి పడాలంటే 50 తో 14 అడుగులు, 85 తో 24 అడుగులు. ఇది కెమెరాకీ మనిషికీ మధ్య దూరం మాత్రమే, కెమెరా వెనక మీరు నిలబడటానికి రెండడుగులు, మనిషికీ వెనక గోడకీ మధ్య కనీసం నాలుగైదు అడుగులు కలపండి, లేకపోతే మనిషి గోడకి అతికించినట్టు ఉంటాడు, నీడ కూడా గోడ మీదే పడుతుంది. ఇవన్నీ కలిపితే మామూలు గదిలో 85 తో తల, భుజాలు తప్ప ఇంకేం రావు అని మీకే అర్థమవుతుంది. గదిలో ఫుల్ లెంగ్త్ కావాలంటే 50 కూడా కష్టమే, దానికి మీ కిట్ లెన్స్ 35 దగ్గర పెట్టుకుంటే 10 అడుగుల్లో అయిపోతుంది, ఫుల్ లెంగ్త్‌లో మనిషి ఎలాగూ దూరంగానే ఉంటాడు కాబట్టి మొహం పాడవదు.

50 లో ఒక ఇబ్బంది ఉంది, దాచను. మొహం ఒక్కటే ఫ్రేము నిండా కావాలంటే రెండున్నర అడుగుల దాకా వెళ్ళాలి, అక్కడ ముక్కు మళ్ళీ పెద్దదిగా కనపడటం మొదలుపెడుతుంది. అంత టైట్‌గా తీయకండి, నాలుగడుగుల దగ్గర ఆగి తర్వాత కట్ చేసుకోండి, ఈ రోజుల్లో 20, 24 మెగాపిక్సెల్స్ ఉన్నాయి, ఏం కాదు. ఇలాంటి టైట్ మొహాలే మీకు ఎక్కువ ఇష్టమైతే మాత్రం 85 తీసుకోండి, అప్పుడు నా ఓటు కూడా దానికే.

దూరంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్దది. నాలుగైదు అడుగుల్లో ఉంటే మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ తీయొచ్చు, జోకేస్తే నవ్వుతారు, ఆ నవ్వు అయిపోయాక మొహం మామూలవుతుంది చూడండి, ఆ అర సెకను దొరుకుతుంది. 20 అడుగుల అవతలికి వెళ్తే "కొంచెం ఎడమకి, గడ్డం కిందికి" అని అరవాలి, అరిస్తే వాళ్ళు బిగుసుకుపోతారు, ఫొటో షార్ప్‌గా వస్తుంది కానీ అందులో మనిషి ఉండడు. దీనికి తిరగేసిన కేసులూ ఉన్నాయి, చిన్నపిల్లలు ఆడుకుంటున్నప్పుడు, కెమెరా అంటే సిగ్గుపడేవాళ్ళు, వీళ్ళకి మీరు దూరంగా ఉంటేనే మంచిది. మీరు ఎవర్ని తీస్తారో మీకే తెలుసు.

ఇక అందరూ లెన్స్ కొనేది దేనికోసమో దానికొద్దాం, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్. దీనికి ఎఫ్ నంబర్ ఒక్కటే చూస్తారు, అది సగమే. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించండి, ముందు నుంచి చూస్తే కనపడే రంధ్రం (అపర్చర్) సైజు ఎంతో వస్తుంది. మనిషి వెనక చాలా దూరంలో ఒక చిన్న లైటు ఉందనుకోండి, ఫొటోలో అది ఒక గుండ్రటి బిళ్ళలా మారుతుంది కదా, ఆ బిళ్ళ మనిషి మొహం పక్కన పెట్టి కొలిస్తే సరిగ్గా ఆ రంధ్రం అంత ఉంటుంది. మీ కిట్ లెన్స్ 55 లో ఎఫ్ 5.6, అంటే 10 మిల్లీమీటర్లు, శనగగింజ అంత. 50 ఎఫ్ 1.8 అయితే 28, దాదాపు మనిషి కన్ను వెడల్పు. 85 ఎఫ్ 1.8 అయితే 47. 70-200 ని 200 లో ఎఫ్ 2.8 పెడితే 71. కిట్ నుంచి 50 కి రావడమే దాదాపు మూడు రెట్లు, ఆ తేడా మొదటి ఫొటోలోనే కనపడుతుంది, 50 నుంచి 85 కి వెళ్తే ఇంకో 70 శాతం అంతే.

ఇందులో ఓ సరదా కూడా ఉంది. కిట్ లెన్స్‌తో పాటు ఇచ్చే చవక టెలీ జూమ్ (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే లెన్స్) ఉంటుంది చూడండి, 55-200 లాంటిది, దాన్ని 200 లో ఎఫ్ 5.6 పెడితే రంధ్రం 36 మిల్లీమీటర్లు, అంటే 50 ఎఫ్ 1.8 కన్నా పెద్దది! బయట చెట్లు దూరంగా ఉన్న చోట దాంతో తీస్తే బ్యాక్‌గ్రౌండ్ 50 కన్నా ఎక్కువే కరుగుతుంది. కాకపోతే తలా భుజాల ఫ్రేముకే 18 అడుగుల దూరం కావాలి, వెలుతురు బాగుండాలి. వెనక గోడ మూడడుగుల్లోనే ఉంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ 50 నే గెలుస్తుంది. అంటే ఇంట్లో 50, బయట దూరం దొరికితే టెలీ. అలాంటి జూమ్ మీ దగ్గర ఉందో లేదో మీరు చెప్పలేదు, ఉంటే దాన్ని బీరువాలోంచి తీయండి.

షార్ప్‌గా ఉండే మందం వేరు, బ్లర్ వేరు, రెండూ కలిపేయకండి. తలా భుజాల ఫ్రేములో ఎఫ్ 1.8 దగ్గర మీ బాడీ మీద షార్ప్‌గా ఉండేది సుమారు ఐదు సెంటీమీటర్లు, అది 50 అయినా 85 అయినా ఫ్రేము ఒకటే అయితే దాదాపు అంతే. మొహమే నిండుగా తీస్తే అది ఒకటిన్నర సెంటీమీటరుకి పడిపోతుంది. మనిషి తల 45 డిగ్రీలు తిప్పితే రెండు కళ్ళ మధ్య ముందూ వెనకల తేడా నాలుగు సెంటీమీటర్లకి పైనే ఉంటుంది, అంటే ఒక కన్ను షార్ప్, రెండోది పొగ. కొందరికి ఇష్టమే అది, ఇంట్లోవాళ్ళకి చూపిస్తే మాత్రం "ఇదేంటి ఒక కన్ను సరిగ్గా రాలేదు" అంటారు. నేను ఒక్క మనిషికి ఎఫ్ 2.2 నుంచి 2.8 మధ్యే ఎక్కువ ఉంటా, ఇద్దరుంటే ఎఫ్ 4, ఇద్దరి మొహాలూ ఒకే గీత మీద ఉండేలా నిలబెడతా. ఎఫ్ 1.8 కొని ఎఫ్ 2.8 లో వాడటం దండగ కాదు, చాలా లెన్సులు ఒక స్టాప్ తగ్గిస్తే (రంధ్రాన్ని ఒక మెట్టు మూస్తే) శుభ్రంగా ఉంటాయి, కనురెప్పల వెంట్రుకల అంచుల్లో వచ్చే ఊదా ఆకుపచ్చ రంగులు కూడా చాలావరకు పోతాయి.

అసలు పెద్ద అపర్చర్ పుట్టిందే బ్లర్ కోసం కాదు. 1840 లో వియన్నాలో పెట్జ్‌వాల్ అనే లెక్కల ప్రొఫెసర్ ఎఫ్ 3.6 పోర్ట్రెయిట్ లెన్స్ డిజైన్ చేశాడు, అప్పట్లో మనిషి కెమెరా ముందు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది, వెలుతురు ఎక్కువ రావాలని చేసిందది. అంచుల్లో బ్యాక్‌గ్రౌండ్ సుడి తిరిగినట్టు రావడం దాని లోపం, ఇప్పుడు దానికోసమే జనం వెతుక్కుంటున్నారు. ఇంకొకటి, స్టీవ్ మెకర్రీ 1984 లో తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ అమ్మాయి ఫొటో, 1985 జూన్ నేషనల్ జియోగ్రఫిక్ కవర్ మీద వచ్చింది, మీరు చూసే ఉంటారు, అది నికాన్ 105 ఎఫ్ 2.5 తో తీసింది. ఎఫ్ 1.2 లేదు, వెనక కరిగిపోయిన లైట్లు లేవు.

ఫోకస్ దగ్గర ఒక్క మాట. మీది కళ్ళు పట్టుకునే ఆటోఫోకస్ ఉన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అయితే అది ఆన్ చేసి మర్చిపోండి. డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే రకం) అయితే మధ్య పాయింట్‌తో కంటి మీద ఫోకస్ లాక్ చేసి తర్వాత కెమెరా తిప్పి ఫ్రేము పెట్టే అలవాటు మానేయండి. నాలుగున్నర అడుగుల్లో 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ కంటి వెనక్కి నాలుగు సెంటీమీటర్ల పైన జారిపోతుంది, మీ దగ్గర ఉన్నదే మొత్తం ఐదు. చెవి షార్ప్‌గా వస్తోంది, లెన్స్ బాలేదు అని వెనక్కి ఇచ్చేసేవాళ్ళలో సగం మంది సమస్య ఇదే. కంటికి దగ్గరున్న ఫోకస్ పాయింట్ మీరే సెలెక్ట్ చేసుకుని తీయండి. అలా తీసినా ప్రతీదీ ఒకే వైపు తప్పుతుంటే అప్పుడు అనుమానించాలి, కొన్ని బాడీల్లో ఫోకస్ సర్దుకునే మెనూ ఉంటుంది.

షట్టర్ 1/80 సెకను ఉంటే 50 కి చేతి వణుకు వరకు సరిపోతుంది అని లెక్క చెప్తుంది గానీ మనుషులు కదులుతారు, ఊపిరి తీసుకుంటారు, 1/200 కింద నేను దిగను, పిల్లలైతే 1/500. ఐఎస్ఓ (సెన్సార్ వెలుతురుకి స్పందించే స్థాయి) పెరిగితే పెరగనీయండి. ఎర్రటి ఎండలో ఎఫ్ 1.8 పెడితే ఐఎస్ఓ 100 లో కూడా 1/8000 దాకా అడుగుతుంది, చాలా బాడీలు 1/4000 దగ్గర ఆగిపోతాయి, అక్కడ ఎఫ్ 2.8 పెట్టుకోండి, ఇంకా మంచిది నీడలోకి తీసుకెళ్ళండి, ఎండలో కళ్ళు చికిలించుకున్న మొహానికి ఏ లెన్స్ పెట్టినా ఒకటే.

70-200 ఎఫ్ 2.8 గురించి. చాలా గొప్ప లెన్స్, నా దగ్గరుంది, ఫంక్షన్లకి అది లేకుండా వెళ్ళను. ఇంట్లోవాళ్ళ ఫొటోలకి మాత్రం ఏడాదిలో రెండుసార్లు కూడా తీయను. పాత డీఎస్ఎల్ఆర్ రకాలు కిలోన్నర దగ్గర బరువుంటాయి, గంట సేపటికి మణికట్టు చెప్తుంది. మీ క్రాప్ బాడీ మీద 70 తోనే మొదలవుతుంది, అంటే ఇందాక 85 తో నాకు బాల్కనీలో పట్టిన గతే. పైగా అంత పెద్ద గొట్టం మొహం మీదికి పెడితే అలవాటు లేనివాళ్ళు బొమ్మలా నిలబడిపోతారు. మీకది పని కోసం కావాలంటే వేరే మాట, అప్పుడు అద్దెకి తెచ్చుకుని రెండు రోజులు వాడి చూడండి.

కొనే ముందు ఒక్క వారం ఆగి ఈ పని చేయండి. కిట్ లెన్స్‌ని 50 దగ్గర పెట్టి జూమ్ రింగు మీద చిన్న టేపు ముక్క అంటించేయండి, వారం రోజులు అలాగే తీయండి. బ్లర్ రాదు, దాన్ని పట్టించుకోకండి, మీరు చూడాల్సింది ఒక్కటే, ఎన్నిసార్లు వెనక్కి జరగలేక ఇబ్బంది పడ్డారు, ఎన్నిసార్లు ఇంకా దగ్గరగా వస్తే బావుణ్ణు అనిపించింది. వెనక గోడే ఎక్కువసార్లు అడ్డొస్తే మీకు 35 ఎఫ్ 1.8 కావాలి, 50 కూడా కాదు. దగ్గరికి రావాలనే ఎక్కువ అనిపిస్తే 85. ఇప్పటిదాకా తీసిన పాత ఫొటోల డీటెయిల్స్‌లో ఫోకల్ లెంగ్త్ ఉంటుంది, మీకు నచ్చిన ఓ యాభై తీసి అవి ఎక్కడ గుంపుగా ఉన్నాయో కూడా చూడండి, చాలామందికి అక్కడే సమాధానం దొరికిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ వేసి అటు నుంచి చూడండి, సాలీడు గూడు లాంటి దారాలు కనపడితే ఫంగస్, వదిలేయండి. ఒకటి రెండు దుమ్ము కణాలకి భయపడక్కర్లేదు. అపర్చర్ రేకుల మీద నూనె మెరవకూడదు. నికాన్ 3000, 5000 సిరీస్ డీఎస్ఎల్ఆర్లలో ఫోకస్ మోటార్ బాడీలో ఉండదు, వాటికి పాత ఏఎఫ్-డి రకం లెన్స్ (దాన్లోనూ మోటార్ ఉండదు) కొంటే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే, చవగ్గా వస్తోందని తీసుకుని తర్వాత తల పట్టుకున్నవాళ్ళని చూశా. ఇలాగే హీలియోస్ 44 అనే పాత రష్యన్ 58 ఎఫ్ 2 ని అడాప్టర్ పెట్టి మిర్రర్‌లెస్ మీద వాడేవాళ్ళున్నారు, సుడి తిరిగే బ్యాక్‌గ్రౌండ్ కోసం, సరదాగా ఉంటుంది, అది మాత్రం రెండో లెన్స్ అవ్వాలి. పరిగెత్తే పిల్లాడి వెనక చేత్తో ఫోకస్ తిప్పుతూ పరిగెత్తడం నాకు ఒక సాయంత్రానికి సరిపోయింది.

యూవీ ఫిల్టర్ అడిగారు కదా. డిజిటల్ సెన్సార్లకి దాంతో పనేమీ లేదు, ముందు గ్లాసుకి రక్షణగా పెట్టుకుంటారు అంతే. నాసిరకంది పెడితే రాత్రిపూట లైట్లకి ఫొటోలో దెయ్యాల్లాగా రెండో బిళ్ళలు కనపడతాయి. నేను పెట్టను. హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం లాంటి కప్పు) మాత్రం ఎప్పుడూ ఉంటుంది, పక్క నుంచి వచ్చే ఎండని ఆపుతుంది, లెన్స్ గోడకి తగిలినా అదే దెబ్బ తింటుంది. బ్యాగులో పట్టడానికి వెనక్కి తిప్పి పెడతారు కదా, తీసేటప్పుడు దాన్ని ముందుకి తిప్పుకోండి. తిరగేసి ఉన్న హుడ్‌తోనే గంటల తరబడి ఎండలో షూట్ చేసేవాళ్ళు ఎంతమందో, అందులో మొదటి రెండేళ్ళు నేను కూడా ఉన్నా.